ఎర్ర మాంసం, పెద్దపేగు క్యాన్సర్: అనుమానం హీమ్ మీదే

2015 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పది దేశాల నిపుణులు 22 మందిని సమావేశపరిచింది. 800కు పైగా అధ్యయనాలు తిరగేశాక వారు బేకన్, సాసేజ్, సలామీ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చారు. ఎర్ర మాంసాన్ని 'బహుశా కారకం' అన్నారు. మన మటన్, గొర్రెదైనా మేకదైనా, ఈ రెండో కోవలోదే. పొగాకు కూడా మొదటి వర్గంలోనే ఉండడంతో రెండింటినీ ఒకే గాటన కట్టినవారున్నారు. అది పొరపాటు. వర్గం సాక్ష్యం బలాన్ని చెబుతుంది, ముప్పు పరిమాణాన్ని కాదు.

మరి మాంసంలో ఏ పదార్థం పేగుకు చేటు చేస్తోంది? ఇక్కడ నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి కేంబ్రిడ్జిలో షీలా బింగమ్ బృందం చేసిన ప్రయోగాలు. 1996లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు వాలంటీర్లను పరిశోధన కేంద్రంలోనే ఉంచి, తిండి అంతా తూచి పెట్టారు. మలాన్ని సేకరించి పరీక్షించారు. రోజుకు 60 గ్రాముల ఎర్ర మాంసం తిన్నప్పటి కంటే 600 గ్రాములు తిన్నప్పుడు మలంలో ఎన్-నైట్రోసో సమ్మేళనాలు దాదాపు మూడు రెట్లయ్యాయి. వీటిలో చాలావాటికి డీఎన్‌ఏను దెబ్బతీసే గుణం ఉంది. అంతే బరువు కోడిమాంసం, చేపలు పెడితే ఆ పెరుగుదల లేదు. 2003లో వచ్చిన తర్వాతి ప్రయోగంలో మామూలు ఇనుము ఇచ్చినా ఫలితం మారలేదు, హీమ్ రూపంలో ఇనుము ఇస్తేనే మారింది. మాంసానికి ఎరుపు తెచ్చేది ఈ హీమే. అయితే రోజుకు 600 గ్రాములు ఎవరు తింటారు? పైగా ఆ సమ్మేళనాలు పెరగడం వేరు, క్యాన్సర్ రావడం వేరు.

నిప్పుల మీద, పెనం మీద బాగా మాడిస్తే పుట్టే హెటిరోసైక్లిక్ అమీన్ల మీద కూడా అనుమానం ఉంది. జంతువుల్లో అవి క్యాన్సర్ కలిగించాయి. కానీ మాడిన కోడిమాంసంలోనూ అవి ఉంటాయి, కోడిమాంసానికీ పేగు క్యాన్సర్‌కూ స్పష్టమైన సంబంధం మాత్రం కనబడలేదు. అందుకే వీటినొక్కటే దోషిగా నిలబెట్టడం కష్టం. నైట్రైట్ సంగతి వేరు. బాట్యులిజం తెచ్చే బాక్టీరియాను అడ్డుకోవడానికి, గులాబీ రంగు నిలపడానికి దాన్ని మాంసంలో కలుపుతారు. హీమ్‌తో కలిసినప్పుడు నైట్రోసో సమ్మేళనాలకు దారి తెరుస్తుంది. ప్రాసెస్ చేసిన మాంసం మీద సాక్ష్యం మరింత గట్టిగా ఉండడానికి ఇదొక కారణం కావచ్చు.

2021లో అమెరికా పరిశోధకులు 900 మంది రోగుల కణుతుల డీఎన్‌ఏను చదివారు. రోగం బయటపడక ముందు ఎర్ర మాంసం ఎక్కువగా తిన్నవారి కణుతుల్లో ఆల్కైలేషన్ అనే రసాయన దెబ్బ గుర్తులు ఎక్కువగా కనిపించాయి. ప్రయోగశాల అనుమానానికి రోగుల శరీరంలో దొరికిన ఆనవాలు ఇది. కారణమని తేల్చే రుజువు కాదు.

ఇంతకీ ముప్పు ఎంత? రోజూ 50 గ్రాముల ప్రాసెస్ చేసిన మాంసానికి 18 శాతం ఎక్కువని లియాన్ అంచనా. శాతాలు భయపెడతాయి కాబట్టి తలల లెక్క చూద్దాం. దాదాపు 4.75 లక్షల మందిని పరిశీలించిన బ్రిటన్ అధ్యయనంలో (2019) ఎర్ర, ప్రాసెస్ చేసిన మాంసం కలిపి రోజుకు 21 గ్రాములు తిన్న ప్రతి పదివేల మందిలో 40 మందికి పేగు క్యాన్సర్ బయటపడింది. 76 గ్రాములు తిన్నవారిలో 48 మందికి. మాంసం ఎక్కువ తినేవారిలో పొగ, మద్యం, ఊబకాయం కూడా ఎక్కువే. వాటి ప్రభావాన్ని లెక్కల్లో తీసేసినా పూర్తిగా పోయిందని చెప్పలేం. ఇలాంటి అధ్యయనాల్లో ఎక్కువభాగం గొడ్డు, పంది మాంసం తినే పాశ్చాత్య దేశాలవి. ఆ అంకెలను మన మటన్ కూరకు యథాతథంగా అంటగట్టలేం.

నా మటుకు నాకు ప్రాసెస్ చేసిన మాంసాన్ని బాగా తగ్గించడానికి ఈ సాక్ష్యం చాలు. ఎర్ర మాంసానికి ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి చెప్పే హద్దు వారానికి వండిన బరువులో 350 నుంచి 500 గ్రాములు. ఆదివారం మాత్రమే మటన్ వండుకునే ఇంట్లో మనిషికి అంత పడదు. మలంలో రక్తం కనిపిస్తే మాత్రం మొలలేలెమ్మని ఊరుకోకండి. మాంసం ముట్టనివారైనా సరే, డాక్టరుకు చూపించుకోండి.