ఎజూర్వేదము బందరునఁ బుట్టినదా?

క్రైస్తవమతగ్రంథముల మూలము భరతఖండమున నెచ్చటనో దాఁగియున్న వ్రాతప్రతులలో నున్నదని చెప్పెడి వాదములు ఇన్నూఱేండ్లకుఁ బైగా లోకమున సంచరించుచున్నవి. వానిలో నొకటి మన యాంధ్రతీరమునకు సంబంధించినది. సొన్నెరా యను ఫ్రెంచి యాత్రికుఁడు 1782లోఁ బ్రకటించిన తన యాత్రాగ్రంథమున, వోల్టేరు పండితుఁడు వేదమని నమ్మిన ‘ఎజూర్వేదము’ వేదము కాదనియు, నది మచిలీబందరున నొక మతప్రచారకుఁడు వ్రాసిన వాదగ్రంథమనియుఁ జెప్పినాఁడు. ఈ మాటలో మొదటి సగము సత్యము. రెండవ సగమును విచారింపవలసియున్నది. రేపల్లె దాఁటి కృష్ణ కావలిగట్టున కేగినచో బందరుసీమయే గదా. మా కర్లపాలెమువారి కిది పొరుగింటిపై వచ్చిన యభియోగము వంటిది.

గ్రంథచరిత్ర మిట్టిది. 1760లో మోదావు ప్రభువు హిందూదేశమునుండి మరలిపోయి వోల్టేరునకు ఫ్రెంచిభాషలో నున్న యొక వ్రాతప్రతి నిచ్చెను. వోల్టేరు దానిని 1761లోఁ బారిసు రాజగ్రంథాలయమునకు సమర్పించెను. అలెగ్జాండరు దండయాత్రకుఁ బూర్వమే పుట్టిన బ్రాహ్మణగ్రంథ మిదియని యాతని నమ్మకము. ఆతని యాదరము వేదముపైఁ గలిగిన భక్తి కాదు. తన దేశమునందలి మతాధికారులను గొట్టుటకు దొరకిన కఱ్ఱ యది. వారి ధర్మగ్రంథముకంటెఁ బ్రాచీనమైన గ్రంథమందే ప్రథమపురుషుఁడు ‘ఆదిమో’ యని చెప్పఁబడినాఁడు గావున, యూదుల ఆదాము ఇచ్చటనుండి పోయినవాఁడే యని యాతఁడు వాదించెను. గ్రంథము 1778లో ఇవర్దోను పట్టణమున నచ్చుపడెను. వోల్టేరు ఆ సంవత్సరమే మృతుఁడయ్యెను.

అచ్చుపడిన నాలుగేండ్లకు సొన్నెరా బందరు మాట చెప్పెను. 1750 మొదలు 1759 వఱకు బందరు ఫ్రెంచివారి యధీనమున నుండెను గావున నా మాట వినువారికి సంభావ్యముగఁ దోఁచుటలో వింతలేదు. కాని యాతఁడు సాక్ష్యమేమియుఁ జూపలేదు. పిమ్మట ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిసు దొర, అనఁగా 1816లో క్యాంబెలు వ్యాకరణమునకుఁ జేర్చిన లేఖనమునఁ దెలుఁగు సంస్కృతజన్యము గాదని నిరూపించిన మహనీయుఁడు, పుదుచ్చేరి జెసూయిట్ల గ్రంథసంచయమున ఎజూర్వేదముతోఁ బాటు తక్కిన వేదములకు ననుకరణములుగ నున్న మఱికొన్ని వ్రాతప్రతులనుఁ గనుఁగొనెను. ఆతఁడు 1819లో స్వర్గస్థుఁడు కాఁగా, నాతని వ్యాసము 1822లో ఆసియాటిక్ రిసర్చెస్ పదునాలుగవ సంపుటమునఁ బ్రకటితమైనది. అందలి సంస్కృతపదముల వ్రాత వంగదేశపు టుచ్చారణము ననుసరించినదని యాతఁడే గుర్తించెను. ఆ సూచనను బట్టి బందరు విషయమును వైయాకరణదృష్టిఁ బరీక్షింతము.

ఎజూర్వేదము వ్యాస సుమంతుల సంవాదము. ఫ్రెంచిలిపిలో వ్యాసుఁడు ‘బియాష్’ అయినాఁడు. సుమంతుఁడు ‘షుమొంతు’ అయినాఁడు. ప్రకృతి ‘ప్రొక్రితి’ యైనది. ఇందు మూఁడు వికారములు గలవు. వకారము బకారమైనది. దంత్యసకారము తాలవ్యమైనది. హ్రస్వాకారము ఒకారప్రాయమైనది. పాణిని తన యష్టాధ్యాయిని ముగించిన సూత్రమే అకారపు సంవృతత్వమును గూర్చినది గాన, ప్రాచీనులకును ఈ వర్ణముపై నెంత శ్రద్ధయో తెలియును. అట్టి యకారమును గుండ్రముగ నోరుంచి పలుకుట వంగీయుల కలవాటు, ఓఢ్రులయందును గలదు. కాని ఓఢ్రుఁడు సకారమును సకారముగనే పలుకును. మూఁడు వికారములును ఏకత్ర కనఁబడుట వంగదేశముననే. తెలుఁగు వైదికుఁడు సుమంతుని షుమొంతు అనుట యెన్నఁడును వినము. బందరున దొరకిన పండితుఁడు నోటితోఁ జెప్పఁగా ఫ్రెంచి గురువు వ్రాసికొనియుండినచో నీ రూపములు వచ్చుట కవకాశము లేదు.

అయితే గ్రంథనామ మట్లు కాదు. ‘ఎజూర్’ అని యకారము లోపించి ఎకారముతో నారంభించుటయు, ‘వేదమ్’ అని వకారము నిలిచి మకారాంతమగుటయు దాక్షిణాత్యరీతి. యముని ‘ఎముఁ’డనెడి మన పామరజనుల పలుకుబడి ప్రసిద్ధమే, అరవమునను యజుస్సునకు ఎకారాదిరూపమే గలదు. లోపలి పేర్లు వంగదేశమువి, పైనామము దక్షిణదేశముది. ఫ్రెంచి జెసూయిట్లకు వంగమునఁ జంద్రనగరునను, దక్షిణమునఁ బుదుచ్చేరిని స్థానము లుండెను. ఈ రెంటి నడుమ నడచిన వ్యవహారముచే నీ సంకరము చక్కఁగ సమన్వయించును, బందరుతోఁ బనిలేదు. కర్త యెవరను విషయమున విద్వాంసులు నేఁటికిని నేకాభిప్రాయులు గారు. 1984లో ఈ గ్రంథమును బరిశోధించి ప్రకటించిన లూడో రోషే దాని మూలభాష ఫ్రెంచియే యని నిర్ణయించెను.

‘ఆదిమో’ సంగతి చూతము. ఆదిశబ్దముపై డిమచ్ ప్రత్యయము రాఁగా, డిత్త్వముచే టిలోపమై, ‘ఆదిమ’ యగును. మొదటిది యని యర్థము. ఇది విశేషణము, వ్యక్తినామము గాదు. హీబ్రూభాషలో ఆదాముపేరు నేలను దెలుపు ‘అదామా’ శబ్దముతో సంబంధించినదని బైబిలు కథయే సూచించుచున్నది. రెండు భాషలలో రెండు వేర్వేఱు మూలములనుండి వచ్చిన శబ్దములు చెవికి సమానముగ వినఁబడినంతమాత్రమున బంధుత్వము సిద్ధింపదు.

సంప్రదాయము నెఱిఁగినవానికి మఱియొక దోషము వెంటనే కనఁబడును. వ్యాసుఁడు యజుర్వేదమును వైశంపాయనునకుఁ జెప్పెను. సుమంతునకుఁ జెప్పినది అథర్వము. యజుర్వేదమని పేరుపెట్టి, అందు సుమంతునిచేత గురువగు వ్యాసునే గద్దింపించి, పురాణములను విగ్రహారాధనమును ఖండింపించిన కర్త మన గురుపరంపరను సగమే విన్నవాఁడు.

ఇందు విచారకరమైన సంగతి యొకటి కలదు. తెలుఁగు వ్యవహారభాషగా నుండిన కర్ణాటక జెసూయిటు మిషనులోఁ బనిచేసిన కల్మెత్ గురువు శ్రమపడి సంపాదించిన నిజమగు వేదపుఁ బ్రతులు 1730 తరువాతి యేండ్లలోనే పారిసు చేరియుండెను. చదువఁగలవారు లేక యవి యూరకుండెను. అదే గ్రంథాలయమునఁ గృత్రిమవేదమునకు రాజపూజ జరిగెను.

మా బాపట్లసీమ పల్లెలలో హిందువులకును గ్రైస్తవులకును వాదము వచ్చినప్పుడు తఱచుగ వినఁబడునది భవిష్యపురాణమందలి శాలివాహనకథ. హిమగిరియందు శ్వేతవస్త్రధారియగు నొక పురుషుని శాలివాహనుఁడు చూచెననియు, నాతఁడు కుమారీగర్భసంభవుఁడనై ఈశామసీహుఁడ నైతినని చెప్పెననియుఁ గథ. ఏసు వచ్చి మనయొద్దఁ జదివెనని యొకరు, మీ పురాణమే మా ప్రభువునకు సాక్షియని యొకరు, ఇరువురు నీ కథనే చేతఁ బట్టుదురు. శాలివాహనుఁడు మన యాంధ్రుఁడే యను నభిమానము మన కధికము. కాని యీ పురాణమున నాతఁడు విక్రమాదిత్యుని పౌత్రుఁడు, ప్రమరవంశజుఁడు, సాతవాహనుఁడు గాఁడు. విజయవాడ కోట వెంకటాచలముగారు రాజకాలనిర్ణయమున నీ పురాణమును బ్రమాణముగఁ గైకొనిరి. వారి పరిశ్రమయందు గౌరవ ముంచియు నే నట్లు చేయఁజాలను. 1897లో బొంబాయి వేంకటేశ్వర ముద్రాలయమున నచ్చుపడిన యీ పురాణపుఁ బ్రతిసర్గపర్వమున, ఆదివారమునకు ‘సండే’, ఫాల్గునమునకు ‘ఫర్వరీ’, షష్టికి ‘సిక్సటీ’ యని యాంగ్లశబ్దములు గలవు. ఆంగ్లేయరాజ్యమును దెలిసినవాఁడే యట్లు వ్రాయఁగలఁడు. ఆఫ్రెక్టు పండితుఁడు 1903లో దీనిని సాహిత్యవంచన యనెను. మాట కఠినమే గాని, యీ పర్వమువఱకుఁ గాదనలేము.

‘ఈశామసీహ’ శబ్దమే తన పుట్టుక చెప్పుచున్నది. ఏసు మాటలాడిన అరమేయభాషలో నాతని పేరు ‘యేషు’ యను రూపముగలది. ‘ఈసా’ యనునది అరబ్బీరూపము; ‘మసీహ’ దాని జంట. మహమ్మదీయులవలన పారసీకభాషాద్వారమున నీ దేశమునకు వచ్చిన యీ జంటశబ్దమునకు ఈశ్వరవాచియగు ఈశశబ్దమును దొడిగినారు. శకకర్తనాఁటి సంవాదమున నిది యెట్లు వచ్చును?

1894లో నోటోవిచ్ అను రష్యాదేశీయుఁడు లడాఖునందలి హేమిసు మఠమున దొరకినదని ప్రకటించిన ఏసుచరిత్రమునకును ఈ దోషమే కలదు. ఏసు జగన్నాథమున, రాజగృహమున, కాశిని నివసించెనని చెప్పు నా బౌద్ధగ్రంథము నాతని పేరు ‘ఇస్సా’ యనియే చెప్పినది. మాక్సుముల్లరు ఆ సంవత్సరమే యాక్షేపించెను. 1895లో ఆగ్రానుండి డగ్లసు అను నధ్యాపకుఁడు మఠమునకే పోయి యడుగఁగా, అట్టి గ్రంథము లేదని ప్రధానలామా చెప్పెను. 1922లో నచ్చటి కేగిన అభేదానందస్వామివారు తమకుఁ జూపిరని వ్రాసిరి. 1945లో నాగ్‌హమ్మాదిని, 1947లో ఖుమ్రాను గుహలయందు దొరకిన ప్రతులకుఁ జిత్రములు తీసి, అక్షరమక్షరముఁ జదివి, పండితులు నేఁటికిని వాదించుచున్నారు. హేమిసు ప్రతి యిట్లు పరీక్షకు రాలేదు. ‘మా తాతగారి పెట్టెలో నున్నది, కాని చూపరాదు’ అను తాళపత్రమునకు నేను నమస్కరింతును గాని, దానిని బ్రమాణముగ నుదాహరింపను.

బందరునకు వత్తము. అచ్చట ఎజూర్వేదము వ్రాయఁబడినదని యనుటకు సొన్నెరావాక్యము తప్ప నాధారము లేదు. శబ్దరూపము లందుకుఁ బ్రతికూలముగ నున్నవి. వోల్టేరు సమర్పించిన ప్రతి పారిసున భద్రముగ నున్నది గావున, ఫ్రెంచి తెలిసిన మన యువపండితు లెవరైన నందలి నామములనన్నిటిని దెలుఁగులిపిలోఁ బట్టికగ వ్రాసి పంపినచో, నీ పరీక్షను మఱికొంత దూరము నడపవచ్చును.