ఆసుపత్రి వాకిట నిలిచిన కుటుంబము

ఇంట నొకరు హఠాత్తుగా గుండెనొప్పితో కుప్పగూలినప్పుడు వైద్యునకు రోగి యొక్కడే. ఇంటివారికి మాత్రము భయము, వ్యయము, నిద్రలేమి, నిర్ణయభారము నొక్కమారుగా వచ్చి మీద బడును. రోగిని రక్షించు నుపాయములు పెరిగిన చరిత్ర పలువురు వ్రాసిరి. రోగివెంట వచ్చి వాకిట నిలిచినవారి చరిత్ర యంతగా వ్రాయబడలేదు. అందొక ఘట్టము మన గుంటూరునందే జరిగినది.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున వైద్యవిద్య ముగించిన అన్నా కుగ్లర్ గారు 1883లో గుంటూరునకు వచ్చిరి. ఘోషాయందుండు స్త్రీల గదులలో పురుషవైద్యు డడుగిడుట దుర్లభమైన కాలమది. ఆమె యిండ్లకు బోయి మందులిచ్చుచు, తుదకు 1898లో స్త్రీలకును బిడ్డలకును ఆసుపత్రి నెలకొల్పిరి. రోగితో తల్లియో, అత్తయో, భర్తయో వచ్చుట మన దేశాచారము. వచ్చినవారికి ఊరు క్రొత్త. అన్యుల చేతివంట ముట్టని కుటుంబములు నాడనేకములు. ఏలూరు రాజా భుజంగరావు బహద్దరుగారు ఆ వైద్యురాలు తమ కుటుంబమునకు చేసిన మేలునకు కృతజ్ఞులై, ఆసుపత్రి కెదుట రోగుల బంధువులకొఱకు సత్రము కట్టించిరి. యాత్రికులకు సత్రము కట్టించుట మనకు తరతరముల ధర్మము. ఆ ధర్మమే యిచట ఆసుపత్రి వాకిటికి వచ్చినది. చిత్రమేమనగా, ఆమె చదివిన ఫిలడెల్ఫియాయందే 1974లో, దూరమునుండి బిడ్డలను వైద్యమునకు దెచ్చిన తలిదండ్రులు వసించుటకు రొనాల్డ్ మెక్‌డొనాల్డ్ గృహమను పేర నొక యిల్లు వెలసెను. అట్టివి నేడు పెక్కు దేశములలో గలవు.

ఇంగ్లండులో వేఱొక సమస్య యుండెను. ఆసుపత్రిలోని పసిబిడ్డను తల్లి చూచుటకు మిక్కిలి స్వల్పకాలమే యనుమతించు నియమము పెక్కుచోట్ల నుండెను. తల్లి వెడలునపుడు బిడ్డ యేడ్చును గనుక ఆమె రాకుండుటయే మేలని వారి వాదము. జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రియందున్న రెండేండ్ల బాలికను చలనచిత్రముగా దీసి 1952లో ప్రదర్శించెను. బిడ్డ యూరకుండుట నెమ్మది కాదు, లోపలి దుఃఖమే యని దానివలన దెలిసినది. 1959లో ప్లాట్ సంఘము తలిదండ్రుల రాకకు కాలనిర్బంధ ముండరాదని సిఫారసు చేసెను. ఆప్తులు చికిత్సకు అడ్డు కారు, అందు భాగమే యను భావ మీవిధముగా బలపడినది.

పెద్దల విషయమున 1979లో నాన్సీ మోల్టర్ అను అమెరికా నర్సు యొక పరిశోధన ప్రకటించెను. ప్రాణాపాయస్థితిలోనున్న రోగుల బంధువులను 40 మందిని, 45 అవసరములను గూర్చి ప్రశ్నించెను. వారు ముఖ్యముగా గోరినది తమ సౌఖ్యము కాదు. ఆశ కలదన్న భావము, రోగిని శ్రద్ధగా జూచుచున్నారన్న నమ్మకము, అడిగినదానికి సత్యమైన సమాధానము: వీనికే వారు పెద్దపీట వేసిరి.

మన దేశమున మార్పు రాకపోలేదు. గాయపడినవానికి చట్టపు తతంగములకై వేచియుండక వెంటనే చికిత్స చేయవలయునని 1989లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 వాహనసేవ ప్రారంభమయ్యెను. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదకుటుంబముల చికిత్సావ్యయమును దగ్గించెను. ప్రమాదమున బడినవారిని ఆసుపత్రికి జేర్చిన ఉపకారిని వేధింపరాదను నియమములకు 2016లో సుప్రీముకోర్టు బలము చేకూర్చెను. ఇవన్నియు రోగిని లోపలికి జేర్చు మార్గములు. ఆ తలుపు మూసికొనిన పిదప బయటి బల్లపై గూర్చున్నవారి సంగతి యింకను బంధుమిత్రుల చేతిలోనే యున్నది.

దీనికి మనకొక యాచారము కలదు, అది పరామర్శ. కాని యిప్పటి పరామర్శ యెట్లున్నది? పదిమంది వచ్చి జరిగినది పదిమార్లు చెప్పింతురు. ఇట్టి వ్యాధితో మరణించిన వేఱొకని కథ నొకరు చెప్పుదురు. ఎవరి దృష్టియో తగిలినదని మఱియొకరందురు. అందఱును పోయినపిమ్మట ఆ యిల్లాలు అన్నము తిన్నదో లేదో యెవరికిని దెలియదు. అంతకంటె ఘోరమైనది సత్యమును దాచుట. స్త్రీలు తాళలేరను నెపమున వైద్యుని మాట మగవారికే చెప్పుదురు. భర్త ప్రాణమును గూర్చి భార్యకే దెలియకుండ నిర్ణయములు జరుగును. చెప్పకున్న నామె భయము తగ్గదు. ఎదుటివారి ముఖములు చూచి ఊహించుకొని రెట్టింపగును. మోల్టర్ ప్రశ్నలకు బంధువులు చెప్పిన సమాధానమే దీనికి ఖండనము.

కావున సోదరీసోదరులారా, పరామర్శను మానవలదు, సంస్కరింపుడు. ఒకరు వైద్యుని మాటలను కాగితమున వ్రాసి, ఇల్లాలితో సహా ఇంటివారందఱకు నొక్కరీతిగా దెలుపవలెను. ఒకరు పిల్లలను బడికి బంపి, వారికి వండిపెట్టవలెను. ఒకరు దూరపు బంధువులకు వార్త చెప్పు భారము వహింపవలెను. ధనసాయము చేయదలచినవారు అడుగువఱకు వేచియుండక యీయవలెను. రాత్రి వాకిట గూర్చుండుటకు వంతులు వేసికొని, ఇంటివారిని కొంతసేపైన నిద్రింపజేయవలెను. గుంటూరులో సత్రము కట్టించుటకు రాజు కావలసెను. ఈ పనులకు రాజులక్కఱలేదు, పొరుగువారు చాలుదురు.