కాలేజీ దరఖాస్తు వ్యాసం: స్ఫూర్తినిచ్చిన వ్యక్తిగా ఎవరిని ఎంచుకోవాలి?

ఇంజినీరింగ్‌కి ఈఏపీసెట్, డాక్టరీకి నీట్. పలాస, టెక్కలి వైపు ఇళ్లలో అందరికీ తెలిసిన దారి ఇదే. ర్యాంకు వస్తే సీటు, వ్యాసంతో పనిలేదు. కానీ అశోకా యూనివర్సిటీ లాంటి చోట్ల, విదేశీ కాలేజీలకు అప్లై చేసేటప్పుడు, కొన్ని స్కాలర్‌షిప్ ఫారాల్లో పిల్లలు వ్యాసం రాయాల్సి వస్తుంది. అమెరికా కాలేజీలు ఎన్నో కలిసి వాడే కామన్ యాప్‌లో ప్రధాన వ్యాసం 650 పదాలు దాటకూడదు. ‘మీ మీద ప్రభావం చూపిన వ్యక్తి’ అనేది ఇలాంటి ఫారాల్లో పాత ప్రశ్నే.

మన పిల్లలు ముందుగా రాసే పేరు అబ్దుల్ కలాం. తప్పేమీ లేదు. అయితే రామేశ్వరంలో పేపర్లు వేసిన కుర్రాడు రాష్ట్రపతి అయిన సంగతి వ్యాసం చదివేవాళ్లకీ తెలుసు. కలాం గారికి 600 పదాలు, అప్లై చేసిన అమ్మాయికి 50 పదాలు పోతే, సీటు కూడా ఆయనకే ఇవ్వాలి మరి! పైగా ఆయన పేరుతో వాట్సాప్‌లో తిరిగే సూక్తులన్నీ ఆయన అన్నవి కావు. పుస్తకంలో చూడకుండా ఎత్తిరాస్తే పరువు పోతుంది.

కాలేజీ తెలుసుకోవాలనుకునేది ఒక్కటే: ఆ మనిషి వల్ల ఈ విద్యార్థి ఏం చేశాడు, ఏం మార్చుకున్నాడు? దానికి జవాబు ఉన్న పేరే సరైన పేరు.

ప్రవక్త ముహమ్మద్ (స) గురించి రాస్తామని కొందరు పిల్లలు అంటారు. ఆ ప్రేమను కాదనక్కర్లేదు. కానీ ప్రశ్న ‘మీకు తెలిసిన వ్యక్తి’ అని అడిగితే, ఆ నడవడిని ఇంట్లో ఎవరిలో చూశారో వాళ్ల గురించి రాయడం మేలు. తూకంలో గింజ తగ్గనివ్వని అబ్బా కావచ్చు, పొరుగింటికి పెట్టాకే తినే నానీ కావచ్చు.

పెద్దవాళ్లనే ఎంచుకోవాలంటే దగ్గరలోనూ ఉన్నారు. సర్దార్ గౌతు లచ్చన్న 1909లో ఉద్దానం తీరంలోని బారువలో పుట్టారు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఇంట్లో ఉర్దూ, బళ్లో తెలుగు మాట్లాడుతూ, ఆస్పత్రిలో డాక్టర్ మాటలు దాదీకి ఉర్దూలో చెప్పే అమ్మాయికి గిడుగు కథ సొంత కథలా అతుకుతుంది. ఆ ఆస్పత్రి సంగతి లేకపోతే మాత్రం అది జీవితచరిత్రే అవుతుంది.

పేరున్న మనిషే కావాలని లేదు. పలాసలో జీడిపిక్కల పనికి వెళ్లి కూతుర్ని చదివించే అమ్మీ ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చేశాక మళ్లీ మొక్క నాటిన రైతు ఉన్నాడు. వాళ్ల దగ్గర పిల్లలు కళ్లారా చూసిన వివరం దొరుకుతుంది. ఇంటర్‌నెట్‌లో ఎత్తిరాసిన వ్యాసంలో అది ఉండదు.

ఉద్దానంలో జాగ్రత్తగా తాకాల్సింది కిడ్నీ జబ్బు. ఇంట్లో డయాలసిస్ మనిషి ఉంటే వ్యాసం అటే పోతుంది. జాలి కోసం రాస్తే రోగి తప్ప విద్యార్థి కనపడడు. డాక్టర్ చెప్పిన మేరకే అబ్బాకి నీళ్లు సీసాలో కొలిచి పెట్టడం, కాలేజీ అయ్యాక కొట్టు చూసుకోవడం, అబ్బా నొప్పిలోనూ లెక్కలు అడగడం లాంటివి రాస్తే ఇద్దరూ కనిపిస్తారు. ముందు అబ్బాని అడగాలి. ఆయన వద్దంటే ఆ జబ్బు మాట రాయకూడదు. పెళ్లి సంబంధాల దాకా పోయే సంగతులివి, ఇంటి పరువుకన్నా సీటు ఎక్కువేం కాదు.

వ్యాసం ఇంగ్లీషులో పంపాల్సి ఉన్నా, మొదట తెలుగులోనో ఉర్దూలోనో నోటితో చెప్పించి రాసుకుంటే మాట సహజంగా వస్తుంది. డబ్బిచ్చి రాయించుకుంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. సిఫారసు లేఖ ఇచ్చే లెక్చరర్‌కి పంపే ముందే ఒక కాపీ చూపించాలి. రెండిటిలో సంగతులు వేరువేరుగా ఉంటే దరఖాస్తు మీదే అనుమానం వస్తుంది.