ధర పడింది – పడేసిందెవరు?

"ధర పడిపోయింది" అని పత్రికలు రాస్తాయి, వాన పడినట్టు, పొద్దు వాలినట్టు. కర్త కనిపించని ఈ వాక్యం మీద నాకు చాలాకాలంగా అనుమానం.

2025 అక్టోబరు 10న క్రిప్టో బజారులో ఒక్కరోజులో 1,900 కోట్ల డాలర్లకు మించిన అరువు పందేలు తుడిచిపెట్టుకుపోయినప్పుడూ ఇదే వాక్యం చదివాను. చైనా సరుకులపై నూరు శాతం అదనపు సుంకమన్న ట్రంప్ ప్రకటన నిప్పురవ్వ మాత్రమే. గడ్డివామి ముందే పేర్చి ఉంది. పది రూపాయలు తాకట్టు పెట్టి నూరు రూపాయల సరుకు కొన్నవాడికి ధర పది శాతం తగ్గితే సొంత సొమ్ము సున్న. ఎక్స్ఛేంజి అతణ్ణి అడగకుండానే ఆ సరుకు అమ్మేస్తుంది. ఆ అమ్మకంతో ధర మరింత దిగి పక్కవాడి తాకట్టూ పోతుంది. కొనేవాళ్లు పలచబడిన వేళ పెద్ద మొత్తాన్ని బజారులోకి విసరగలవాడికి – వ్యాపారుల పరిభాషలో "తిమింగలం" – ఈ వరస బాగా తెలుసు.

ఇది కంప్యూటర్లు కనిపెట్టిన విద్య కాదు. టెక్సాస్ చమురు కుబేరుడు హెచ్.ఎల్. హంట్ కొడుకులు బంకర్, హెర్బర్ట్ 1973 నుంచి వెండి పోగుచేస్తూ వచ్చారు. 1979 మొదట్లో ఔన్సు 6 డాలర్లున్న ధర 1980 జనవరికి 50 దరిదాపులకు ఎక్కింది. అమెరికాలో ఇళ్లలోని వెండి చెంచాలూ పళ్లేలూ కరగడానికి బయలుదేరాయి. జనవరిలో న్యూయార్కు ఎక్స్ఛేంజి కొనుగోళ్లకు పరిమితులు విధించింది. (ఆ ఎక్స్ఛేంజి పాలకుల్లోనూ ధర దిగితే లాభపడేవారున్నారని హంట్‌లు వాపోయారు. దొంగల పంచాయితీ!) మార్చి 27, గురువారం, ధర 11 డాలర్ల లోపుకు కూలింది. మార్జిన్ కట్టలేక హంట్‌లే మునిగారు. అయితే వారిని ఒడ్డున పడేయడానికి బ్యాంకులు 110 కోట్ల డాలర్ల అప్పు సమకూర్చాయి. ఎగువ ధరకు కొన్న చిల్లర మదుపుదారుకు అలాంటి బ్యాంకు లేదు.

ఈ చరిత్రలో నేను మళ్లీమళ్లీ ఆగేది పెరూ దగ్గర. ఆ దేశ ప్రభుత్వ ఖనిజ విక్రయ సంస్థ మిన్‌పెకో, ధర తగ్గుతుందన్న అంచనాతో ముందస్తు అమ్మకాలు చేసి 1979 చివర్లో దారుణంగా నష్టపోయింది. వెండి తవ్వే దేశానికి వెండి ప్రియమైనందుకే నష్టం! 1988 ఆగస్టులో న్యూయార్కు జ్యూరీ హంట్‌లు కుట్రతో ధర పెంచారని తేల్చింది. 13 కోట్ల డాలర్లకు పైగా పరిహారం పడింది. వాక్యానికి కర్త దొరకడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

చికాగో గోధుమల సట్టా మీద ఫ్రాంక్ నారిస్ నవల 1903లోనే వెలువడింది. అందులో కర్తకు పేరుంది, ఇల్లుంది, భార్య ఉంది. ఈ కొత్త సట్టా మీద అలాంటి తెలుగు నవల ఇంకా నా కంటబడలేదు.