పేజీ వెనకున్న పని: వెబ్ అప్లికేషన్లు వెబ్ సర్వీసులైన తీరు

2000 మే నెలలో కాలిఫోర్నియాలోని ఒక ఫెడరల్ జిల్లా కోర్టు ఈబే పక్షాన ఉత్తర్వు ఇచ్చింది. బిడ్డర్స్ ఎడ్జ్ అనే సంస్థ పలు వేలం సైట్ల వివరాలను ఒకేచోట చూపించేది. అందుకోసం దాని ప్రోగ్రాములు రోజుకు సుమారు లక్షసార్లు ఈబే పేజీలను తెరిచి, హెచ్‌టీఎంఎల్‌ను గాలించి, వస్తువుల వివరాలూ ధరలూ ఏరుకునేవి. అనుమతి లేకుండా అలా చేయవద్దని కోర్టు అడ్డుకుంది. అదే ఏడాది చివర్లో ఈబే తన ఏపీఐని, అంటే ప్రోగ్రాములు పేజీతో పనిలేకుండా నేరుగా పిలవగల ద్వారాన్ని, బయటి డెవలపర్ల ముందుకు తెచ్చింది. మొదటిదే రెండోదానికి కారణమని అనలేం గానీ, రెండూ ఒకే అవసరం నుంచి పుట్టాయి. మనిషి చదవడానికి తయారైన పేజీ వెనక, మరో ప్రోగ్రాముకు కూడా పనికొచ్చే లెక్కలూ నిబంధనలూ ఉన్నాయి. వాటిని పేజీ నుంచి విడదీసి ఇవ్వకపోతే అవసరమున్నవాళ్లు పేజీనే చీల్చుకుని తీసుకుంటారు. ఈ విడదీయడాన్ని పరిశ్రమ చాలాకాలం పాత కోడుకు పైతొడుగు వేసే పనిగా చూసింది. వెబ్ సర్వీసుల చరిత్రలోని ఇబ్బందుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

అప్పటి అప్లికేషన్లు ఎలా ఉండేవో చూస్తే ఈ మాట అర్థమవుతుంది. సీజీఐ స్క్రిప్టుల్లో, ఏఎస్‌పీ, పీహెచ్‌పీ, జేఎస్‌పీ పేజీల్లో డేటాబేస్ క్వెరీ, తగ్గింపు ధర లెక్క, పట్టిక గీసే ట్యాగులు తరచూ ఒకే ఫైలులో ఉండేవి. కొనుగోలుదారు ఎంత దూరం వచ్చాడన్నది సెషన్‌లో ఉండేది. ఎవరు ఏం చేయవచ్చన్నది చాలాచోట్ల బటన్ చూపించడం, చూపించకపోవడం మీదే ఆధారపడేది. 2000లో మొదలైన స్ట్రట్స్ లాంటి ఫ్రేమ్‌వర్కులు తెరను మిగతా కోడు నుంచి వేరుచేశాయి, అది పెద్ద మేలే. అయితే చాలా ప్రాజెక్టుల్లో వ్యాపార నిబంధనలు తెర నుంచి జారి యాక్షన్ క్లాసుల్లో కూర్చున్నాయి. అవి బ్రౌజర్ పంపే ఫారమ్‌కే అతుక్కుని ఉండేవి. పేజీ లేకుండా వాటిని పిలవడం కుదిరేది కాదు.

ప్రోగ్రాములు నెట్‌వర్కు మీద ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి ప్రమాణాలు ఈ పునాది మీదకే వచ్చాయి: 1998లో ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ, 2000లో సోప్ 1.1, 2001లో డబ్ల్యూఎస్‌డీఎల్ 1.1. వాటి వెంటే పనిముట్లూ వచ్చాయి. 2002లో విడుదలైన డాట్‌నెట్‌లో ఒక మెథడ్ మీద వెబ్‌మెథడ్ అని రాస్తే అది నెట్‌వర్కు మీద పిలవగల సర్వీసు అయ్యేది. అపాచీ యాక్సిస్‌లో జావా ఫైలు పేరు చివర జేడబ్ల్యూఎస్ అని మార్చినా సరిపోయేది. 2006 నాటి జావా ఈఈ 5లో ఒక అనోటేషన్ ఆ పని చేసింది. ఇంత తేలిక కావడమే చిక్కులు తెచ్చింది. ఒకే మెమరీలో పదిసార్లు పిలిచినా భారం కాని మెథడ్లు నెట్‌వర్కు దాటేసరికి పది రాకపోకలయ్యాయి. దూరంగా ఉన్న ఆబ్జెక్టును దగ్గరిదానిలా చూడటం కుదరదని సన్ మైక్రోసిస్టమ్స్‌లో జిమ్ వాల్డో, ఆయన సహచరులు 1994లోనే హెచ్చరించారు. పనిముట్ల ధోరణి మాత్రం అందుకు ఎదురుగా సాగింది. ఇంకో నష్టం నెమ్మదిగా బయటపడింది. లోపలి క్లాసులను ఉన్నదున్నట్టు బయట పెట్టినప్పుడు వాటి ఫీల్డు పేర్లే ఇతరులతో ఒప్పందమయ్యాయి. నిన్నటిదాకా సొంత ఇష్టంతో మార్చుకున్న పేరును ఈరోజు మారిస్తే, ఎక్కడో ముఖపరిచయం లేని ప్రోగ్రాము ఆగిపోతుంది.

పాత కోడును తిరగరాసే స్తోమత అందరికీ ఎక్కడుంది, తొడుగైనా వేయకపోతే ఏళ్ల పని వృథా కాదా అని అడగవచ్చు. ఆ ప్రశ్నలో న్యాయముంది. డేటాబేస్‌లోని స్టోర్డ్ ప్రొసీజర్లలోనో, ఈజేబీలనే జావా సర్వర్ భాగాల్లోనో నిబంధనలు ముందే విడిగా ఉన్నచోట తొడుగు బాగానే పనిచేసింది. కానీ అది నా మాటకే సాక్ష్యం: అక్కడ విడదీసే పని అంతకుముందే ఎవరో చేసి పెట్టారు. మార్టిన్ ఫౌలర్ 2002 నాటి పుస్తకంలో రిమోట్ ఫసాడ్ అని వర్ణించిన పొర కూడా తొడుగే. అయితే అది లోపలి చిన్న చిన్న మెథడ్లను అలాగే చూపించదు. బయటివాడి అవసరం ప్రకారం వాటిని కలిపి, ఒక పెద్ద పనిగా అందిస్తుంది. అంటే ఏది బయటికి రావాలో ఎవరో కూర్చుని నిర్ణయించారన్నమాట.

ఆ నిర్ణయానికి మంచి భాషనిచ్చింది రాయ్ ఫీల్డింగ్. 2000లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ఆయన రెస్ట్ శైలిని వివరించారు. ఏ మెథడ్‌ను తెరవాలన్న ప్రశ్న పక్కకు జరిగి, ఏ వనరులకు చిరునామా ఇవ్వాలన్న ప్రశ్న ముందుకొచ్చింది. 2002 జులైలో అమెజాన్ తన వస్తువుల జాబితాను సోప్‌లోనూ, హెచ్‌టీటీపీ మీద సాదా ఎక్స్‌ఎంఎల్‌గానూ ఇచ్చినప్పుడు డెవలపర్లు ఎక్కువగా రెండో దారే పట్టారు. 2007 జనవరిలో వచ్చిన రైల్స్ 1.2లో ఒకే కంట్రోలర్ బ్రౌజర్‌కు హెచ్‌టీఎంఎల్, ప్రోగ్రాముకు ఎక్స్‌ఎంఎల్ ఇవ్వడం మామూలు అలవాటైంది. ఉన్న అప్లికేషన్‌ను సర్వీసుగా మార్చే ప్రయత్నాల్లో నాకు అన్నిటికన్నా నిజాయితీగా కనిపించేది ఇదే. పేజీ కూడా ఒక రూపం మాత్రమేనని అది ఒప్పుకుంది. లాగిన్ సంగతి మాత్రం మిగిలిపోయింది. పేజీకి పాస్‌వర్డ్ ఇచ్చేది మనిషి. అతని తరఫున వచ్చే ప్రోగ్రాముకు ఏమివ్వాలి? వాడుకరి తన పాస్‌వర్డునే మూడో సైటుకు అప్పగించే ప్రమాదకరమైన అలవాటుకు 2007 చివర్లో వచ్చిన ఓఆత్ ప్రత్యామ్నాయం చూపింది.

ఇప్పుడు అప్లికేషన్లు మొదటి రోజు నుంచే ఏపీఐతో పుడుతున్నాయి, బ్రౌజర్ తెర కూడా దాన్నే వాడుతోంది, కాబట్టి ఈ చర్చ పాతబడిందనే వాదన ఉంది. ఓవాస్ప్ సంస్థ ఏపీఐ భద్రతా లోపాలపై 2019లో ఇచ్చిన జాబితా చూస్తే అలా అనిపించదు. అందులో మొదటి స్థానం, ఒక వాడుకరికి ఫలానా రికార్డును చూసే హక్కు ఉందో లేదో సర్వర్ తేల్చుకోకపోవడానిది. 2023 జాబితాలోనూ మొదటిది అదే. పేజీలో నా ఆర్డర్ల లింకులే నాకు కనిపిస్తాయి కాబట్టి, పక్కవాడి ఆర్డర్ భద్రంగా ఉందన్న భ్రమ నిలబడుతుంది. ఏపీఐలో ఆర్డర్ నంబరు మార్చి అడిగినవాడికి ఆ వివరాలు చేతికొస్తాయి. తెర మీద దాచడమే అనుమతి అనుకునే 1990ల నాటి ఏర్పాటు, కొత్త ఫ్రేమ్‌వర్కుల్లో రాసిన కోడులోనూ కొనసాగుతోంది. అందుకే పాత అప్లికేషన్‌ను సర్వీసుగా తెరిచేవారు ముందుగా బయటికి లాగాల్సింది లెక్కలు చేసే కోడును కాదు, ఎవరికి ఏ హక్కు ఉందని తేల్చే నిబంధనలను. అవే పేజీలో అన్నిటికన్నా లోతుగా, చాలాసార్లు ఎక్కడా రాయకుండానే ఇమిడి ఉంటాయి.