లీప్-2

లీప్-2 ఆకలి హార్మోన్ గ్రెలిన్‌కు చెందిన గ్రాహకాన్ని అడ్డుకునే సహజ పెప్టైడ్. ఇది ప్రధానంగా కాలేయంలోను, చిన్నపేగులోను తయారవుతుంది. 77 అమైనో ఆమ్లాల పూర్వరూపం నుంచి తెగి, 40 అమైనో ఆమ్లాలు, 2 డైసల్ఫైడ్ బంధాలు గల పరిపక్వ రూపం ఏర్పడుతుంది.

2003లో మానవ రక్తం నుంచి దీన్ని వేరుచేసినప్పుడు సూక్ష్మజీవులను నిరోధించే పెప్టైడ్‌గా భావించారు. పేరూ అలాగే వచ్చింది: ‘కాలేయంలో తయారయ్యే సూక్ష్మజీవి నిరోధక పెప్టైడ్’ అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాల సంక్షిప్తమే లీప్. అసలు పాత్ర 2018లో తెలిసింది. జీర్ణాశయ పరిమాణం తగ్గించే శస్త్రచికిత్స జరిగిన ఎలుకల కణజాలాన్ని పరిశీలించినప్పుడు ఇది బయటపడింది.

1999లో జపాన్ శాస్త్రవేత్తలు కోజిమా, కంగావా గుర్తించిన గ్రెలిన్‌లో 28 అమైనో ఆమ్లాలుంటాయి. మూడో స్థానంలోని సెరీన్‌కు ఆక్టనోయిక్ ఆమ్లం చేరితేనే అది గ్రాహకాన్ని ఉత్తేజపరుస్తుంది. లీప్-2 తన ఎన్-కొనతో అదే గ్రాహకానికి అతుక్కుని గ్రెలిన్‌కు చోటు లేకుండా చేస్తుంది. ఈ గ్రాహకం హార్మోన్ లేకున్నా కొంత సంకేతం పంపుతూనే ఉంటుంది. లీప్-2 దాన్నీ తగ్గిస్తుంది. ద్విముఖమైన ఈ నిరోధమే దీని విశిష్టత.

ఉపవాసంలో గ్రెలిన్ పెరిగి లీప్-2 తగ్గుతుంది. భోజనం తరువాత, స్థూలకాయంలో ఇందుకు విరుద్ధం. 2022లో ప్రచురితమైన అధ్యయనంలో ఆరోగ్యవంతులైన పురుషులకు లీప్-2ను సిర ద్వారా ఎక్కించగా, వారు తిన్న ఆహారం, భోజనానంతర గ్లూకోజ్ రెండూ తగ్గాయి. స్థూలకాయ చికిత్సకు దీని ఆధారంగా పరిశోధన సాగుతోంది.