హంసలదీవికి ఉమ్మడి పరిశోధన ఫెలోషిప్: ఒక ప్రతిపాదన

పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ దివిసీమను ఒడిలో పెట్టుకుని పాయలుగా సముద్రంలో కలుస్తుంది. అందులో తూర్పు పాయ సంగమం హంసలదీవి దగ్గర. మాఘ పౌర్ణమినాడు వేలమంది ఇక్కడ సాగరసంగమ స్నానం చేసి వేణుగోపాలస్వామిని దర్శించుకుంటారు. ఆ సంగమానికి చేరువలోనే 1989లో ప్రకటించిన కృష్ణా అభయారణ్యం ఉంది. సుమారు 195 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో మడ, తిల్ల, పొన్న చెట్లూ, వాటి నీడలో చేపలు వేటాడే బావురుపిల్లీ ఉన్నాయి. గుడిని ఒక శాస్త్రం, అడవిని మరో శాస్త్రం పంచుకుని చదివినంతకాలం ఈ నేల మనకు సగమే అర్థమవుతుందని నా అభిప్రాయం.

ఇదే డెల్టాలోని ఘంటసాల ఊరిని చూడండి. క్రీ.శ. రెండో శతాబ్దిలో టాలెమీ పేర్కొన్న కొంటకోస్సిల రేవు ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. నాటి బౌద్ధస్తూపం శిథిలాలు ఊళ్లోనే ఉన్నాయి, సముద్రం మాత్రం దూరం జరిగింది. రేవు ఎందుకు మూతబడిందన్న ప్రశ్న చరిత్రకారుడిది. నది ఎంత ఒండ్రు తెచ్చి తీరాన్ని ఎంత ముందుకు నెట్టిందన్నది భూవిజ్ఞానిది. నిజానికి ఇద్దరూ వెతుకుతున్నది ఒకే బురదలో. ఇప్పుడు కథ తిరగబడింది. ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడం వల్ల కృష్ణా, గోదావరి డెల్టాల తీరం కోతకు గురవుతోందని ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులు కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు చూపించారు. తీరంతోపాటు మడ అడవీ, దాన్ని నమ్ముకున్న ఊళ్ల జ్ఞాపకాలూ ప్రమాదంలో పడతాయి.

మన చట్టాలు మాత్రం ప్రకృతినీ చరిత్రనూ వేరుగానే చూస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 28వ సెక్షన్ అభయారణ్యంలో ప్రవేశానికి వన్యప్రాణి అధ్యయనం, శాస్త్రీయ పరిశోధన, ఛాయాగ్రహణం, పర్యటన వంటి కారణాలను చెబుతుంది. సంస్కృతి, చరిత్రల అధ్యయనాన్ని విడిగా పేర్కొనదు. ప్రాచీన కట్టడాలది 1958 నాటి వేరే చట్టం. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పులు కూడా సబ్జెక్టుల వారీగానే వస్తాయి. అమెరికాలో 1916లో నేషనల్ పార్క్ సర్వీసును నెలకొల్పిన చట్టం ప్రకృతి దృశ్యాలనూ వన్యప్రాణులనూ చారిత్రక వస్తువులనూ ఒకే వాక్యంలో కాపాడమంది. 1997లో మొదలైన కానన్ నేషనల్ పార్క్స్ సైన్స్ స్కాలర్స్ పథకంలో జీవ, భౌతిక శాస్త్రాల పక్కనే సామాజిక, సాంస్కృతిక శాస్త్రాలకూ చోటిచ్చారు. మనం అనుసరించదగిన అంశం ఇలా కలిపి చూడడమే.

ఇక్కడ చేయవలసిన పనికి కొదవ లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. ఏ దిబ్బ మునిగింది, ఏ కాలువ వెంట నీరు ముందుగా ఎక్కింది, మడ దట్టంగా ఉన్నచోట ఏం జరిగింది అన్నవి చూసినవారి నోటి నుంచి సేకరించి నేటి ఎత్తుల పటంతో సరిచూడాలి. ఆ తరం వయసు మీరిపోతోంది. ఈ పని వాయిదా వేయడానికి వీల్లేదు.

మడ పునరుద్ధరణకూ రెండు శాస్త్రాలూ కావాలి. నరికివేత తర్వాత నేల పళ్లెంలా లోతుబడి, పోటు నీరు నిలిచి ఎండి, ఉప్పు పేరుకుంటుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ గ్రామస్థులతో కలిసి అలాంటి చోట్ల చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, ఆటుపోట్లు ఆడేలా చేసి మొక్కలు నాటింది. నీరు ఎక్కడ నిలుస్తుందో, పీతలు ఎక్కడ పట్టుబడతాయో ఇక్కడి యానాది గిరిజనులకు తరతరాల ఎరుక. ఆ ఎరుకను మ్యాపులోకి ఎక్కించడం వృక్షశాస్త్రమా, మానవశాస్త్రమా అని తేల్చమనడం వృథా ప్రయాస.

అందువల్ల మచిలీపట్నంలో 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం కేంద్రంగా ఒక ఫెలోషిప్ ఉండాలని ప్రతిపాదిస్తున్నాను. జీవశాస్త్రం నుంచి ఒకరు, చరిత్ర లేదా మానవశాస్త్రం నుంచి ఒకరు పర్యవేక్షించాలి. వరద కాలం, తుపాను నెలలు, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, మాఘ స్నానాలు అన్నీ పరిశీలనలోకి రావాలి కాబట్టి వ్యవధి రెండేళ్లకు తగ్గకూడదు. దారి చూపే యానాదికీ, పడవ నడిపే జాలరికీ కూలీ, వ్యాసంలో సహకర్తగా పేరు ముందే ఒప్పందంలో రాసుకోవాలి. సిద్ధాంత గ్రంథం ఏ భాషలో ఉన్నా, దాని తెలుగు ప్రతి నాగాయలంక, కోడూరు పంచాయతీలకు చేరిన తరువాతే చివరి వాయిదా చెల్లించాలి.